సముద్రాన్ని తీసెయ్యమన్న మేడమ్

ఎవరైనా నిమ్మకాయ కోస్తే నా కడుపులో తిప్పుతుంది. నెల్లూరు జిల్లాలో పుట్టి ఈ మాట చెప్పుకోవడం సిగ్గుచేటే. మా నిమ్మకాయలు లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతుంటే, నేను హోటల్లో పళ్ళెం పక్కన పెట్టిన నిమ్మచెక్కను కూడా చేత్తో దూరం జరుపుతాను. నిన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మజ్జిగలోకని నిమ్మకాయ కోసింది. వాసన తగలగానే ముందు వికారం వచ్చింది, దాని వెనకాలే మెహరున్నీసా మేడమ్ వచ్చారు. నాకు ఆ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి. ఆవిడను ఎరగని మీకు ఇది మర్యాదగా తోచకపోవచ్చు గానీ, ఆవిడే వింటే పకపకా నవ్వేవారు.

అసలు ఆవిడ దగ్గర నాకు ఉద్యోగం వచ్చిందే వాంతి వల్ల. ముత్తుకూరులో ఎరువుల కొట్టు పైన మేడలో ఉండేది ఆఫీసు. రేవులో ఓడల మీంచి కంటైనర్లు దించే క్రేన్లు ఉంటాయి కదా, వాటిని నడపడం నేర్చుకునేవాళ్ళను నిజం క్రేన్ ఎక్కించే ముందు, కళ్ళకు హెడ్‌సెట్ తగిలించి ఉత్తుత్తి క్రేన్ ఎక్కించాలి. ఆ ఉత్తుత్తి రేవును కంప్యూటర్లో కట్టడమే అక్కడి పని. అప్పటికి నేను అల్లూరులో మా రొయ్యల గుంటల గట్ల మీద తిరిగి తిరిగి విసిగిపోయి ఉన్నాను. చదివిన చదువుకు ఏదో ఒక పని దొరికితే చాలని వెళ్ళాను. హెడ్‌సెట్ పెట్టి అటూ ఇటూ చూడమన్నారు. నేను తల తిప్పిన తర్వాత, ఒక్క లిప్తపాటు ఆగి, రేవు తిరిగింది. అంతే, పొద్దున తిన్న ఇడ్లీలు బయటికొచ్చాయి. ఆవిడ చెత్తబుట్ట అందించి, వికారానికి మందని నిమ్మచెక్క నా ముక్కు దగ్గర పెట్టి, రేపట్నుంచి పనిలోకి రమ్మన్నారు. మిగతావాళ్ళంతా అలవాటు పడిపోయారట. బొమ్మ ఎంత తడబడినా వాళ్ళకు తెలియడం మానేసిందట. "నాకు నీలాంటి కడుపు కావాల" అన్నారు.

ఆవిడకు అప్పటికే యాభై దాటి ఉంటాయి. చెన్నైలో మంచి ఉద్యోగం వదులుకుని సొంత జిల్లాకు వచ్చి ఈ పని మొదలుపెట్టారు. కుర్చీలో కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. కాలు కాలిన పిల్లిలా మా బల్లల మధ్య తిరుగుతూనే ఉండేవారు. ఆ తిరుగుడు మాకూ అంటుకుంది. ఎందుకంటే రేవు వాళ్ళు ఒకే ఒక్క పరీక్ష అన్నారు. క్రేన్ నేర్చుకోవడానికి వచ్చిన మనిషిని ఒకణ్ణి మా హెడ్‌సెట్‌తో కూర్చోబెడతారు. అతనికి కళ్ళు తిరిగితే పని మాకు ఇవ్వరు. పని రాకపోతే మేడ ఖాళీ చెయ్యాల్సిందే. ఆవిడ మళ్ళీ చెన్నైకి, నేను మళ్ళీ గట్టు మీదికి. పొద్దున లేచింది మొదలు నాకు అదే గుబులు.

గోడకు ఒక మేకు ఉండేది. నన్ను దాని ముందు కూర్చోబెట్టి, చూపు తిప్పకుండా దాన్నే చూడమనేవారు. తను రంగు అట్టలు పట్టుకుని నా వెనక నుంచి మెల్లగా పక్కకు వచ్చేవారు. ఏం కనపడిందని అడిగితే ఎర్ర అట్ట అన్నాను. నిజంగా ఎరుపు కనపడిందా, లేక ఇందాక నా చేతిలో చూసి అంటున్నావా అని నిలదీశారు. "తెలిసింది చెప్పబాకు వసూ. చూసిందే చెప్పు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంత చదివి మేకును చూడ్డానికి వచ్చానా అనుకున్నాను. కానీ మళ్ళీ మళ్ళీ కూర్చోగా తెలిసింది, పక్కన నాకు నిజంగా కనపడింది రంగు కాదు, ఏదో కదిలిందన్న సంగతి ఒక్కటే.

మన కంటికి బాగా కనపడేది నడిమధ్య కాస్త చోటే. చెయ్యి చాచి చూసుకుంటే బొటనవేలి గోరంత. మిగతాదంతా మసక. ఆ మసకలో అక్షరం తెలియదు, రంగు సరిగా తెలియదు, కదలిక మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. అయినా లోకమంతా తేటగా ఉన్నట్టే ఉంటుంది మనకు. కన్ను గబగబా తిరిగి కొంత చూస్తుంది, మిగిలింది మనసు నింపేస్తుంది. మా పాత కంప్యూటర్లు రేవు మొత్తాన్ని నిజంలా గీయలేక ఆయాసపడేవి. ఆ ఆయాసమే నా వికారం. అందుకని చూపు పడే చోట శ్రద్ధగా గీసి, పక్కలు తేలిగ్గా వదిలెయ్యాలన్నది మేడమ్ పద్ధతి. చూపు ఎటు పోతోందో కనిపెట్టే హెడ్‌సెట్లు మా దగ్గర లేవు కనక, క్రేన్ మనిషి ఎక్కడ చూస్తాడో మేమే ముందుగా ఊహించాలి. కంటైనర్‌ను పట్టుకునే ఇనుప చట్రం, దాని మూలలు, అంతే. మేడమ్ వాళ్ళ నాన్న నెల్లూరులో దుకాణాలకు బోర్డులు రాసేవారట. బస్సులో పోయేవాడు చూసేది నేను రాస్తా, మిగతాది వాడే రాసుకుంటాడు అనేవారట.

ఇంతా తెలిసి మేం సముద్రం దగ్గర బోల్తా పడ్డాం. మేడ మీద పనిచేసేవాళ్ళందరం ఈ చుట్టుపక్కల వాళ్ళమే. నాతోపాటు పనిచేసే శ్రీనుది కొడవలూరు, వరిపొలాల మధ్య పెరిగాడు, వాడికీ సముద్రం రంగు గురించి గట్టి అభిప్రాయాలున్నాయి. గోడౌను తప్పుగా ఉన్నా ఊరుకుంటాం గానీ సముద్రం తప్పుగా ఉంటే మాకు ఊపిరాడదు. కాలవ వచ్చి కలిసే చోట బురద రంగు, అవతల ఆకుపచ్చ, ఇంకా అవతల నీలం, మధ్యాహ్నం గాలి తిరిగాక లేచే నురగ, అన్నీ వేశాను. అమ్మకు ఫోన్లో చూపిస్తే మన సముద్రమే అంది. దాంతో నేను నేల మీద నడవడం మానేశాను, క్రేన్ సంగతీ మర్చిపోయాను.

పరీక్ష దగ్గర పడ్డాక హెడ్‌సెట్ పెట్టుకుంటే మళ్ళీ చెత్తబుట్టా, నిమ్మచెక్కా గతయ్యాయి. మేడమ్ నా పక్కన తిరుగుతూ నా తల ఎటు పోతోందో గమనించారు. కింద చట్రం దిగుతుంటే నేను సముద్రాన్ని చూస్తున్నాను. చూపు అంచున అల కదిలినప్పుడల్లా కన్ను అటే పోతోంది. ఆ అలల్ని గీయలేక కంప్యూటర్ వెనకపడుతోంది.

"సముద్రాన్ని తీసెయ్ వసూ" అన్నారు.

సముద్రం లేకుండా రేవెక్కడిదని ఎదురు తిరిగాను. గొంతు కూడా పెంచాను. ఆ తర్వాత ఏడుపొచ్చి కిందికి దిగి, కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. ఆవిడ వెనకే వచ్చారు. ఎరువుల బస్తాల ముందు అటూ ఇటూ తిరుగుతూ, "నాకూ అది ఇష్టమే. అందుకే నేను చెప్తా ఉండా. ఇష్టం లేనోళ్ళు చెప్తే నువ్వు ఇంటావా?" అన్నారు. పైకి వెళ్ళి అలలన్నీ తీసేశాను. మిగిలింది ఒక బూడిద నీలం రంగు, దూరం పోయేకొద్దీ కాస్త ముదురు. కదలిక లేదు. చూస్తుంటే ఎవరో పోయినట్టే అనిపించింది.

పరీక్షకు వచ్చినాయన పేరు పెంచలయ్య, అంతకుముందు లారీ నడిపేవాడు. మేడమ్ ముందుగానే నిమ్మచెక్కలు కోసి ఉంచారు. ఆయన హెడ్‌సెట్ పెట్టుకుని కంటైనర్లు ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. నేను ఆయన మెడ మీది చెమటనే చూస్తూ ఉండిపోయాను. చివరికి హెడ్‌సెట్ తీసి, ముఖం తుడుచుకుని, టీ ఉందా అని అడిగాడు. కడుపులో తిప్పుతున్నవాడు టీ అడగడు. రేవు వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని తలాడించారు.

అప్పుడు మేడమ్ గొంతు వినిపించింది. "సముద్రం ఎట్టా ఉండాది పెంచలయ్యా?"

"బాగుండాది మేడమ్. అలలు గూడా బాగా ఏసినారు" అన్నాడాయన.

శ్రీను నా వైపు చూశాడు. నేను మేడమ్ కోసం వెతికాను. రోజూ అయితే వెతకనక్కర్లేదు, నేను ఏ పనిలో ఉన్నా చూపు అంచున ఆవిడ తిరుగుతూ ఉండేవారు, ఎక్కడున్నారో నాకు తెలుస్తూనే ఉండేది. ఆ రోజు మాత్రం ఎటు పోయారో తెలియలేదు. తీరా చూస్తే నా కుడిపక్కనే, వాడని నిమ్మచెక్క చేతిలో పట్టుకుని, కదలకుండా నిలబడి ఉన్నారు. కదల్లేదు గనకే నాకు కనపడలేదు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. నాకంత సంతోషం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

పని వచ్చింది, మేడ నిలిచింది. కొన్నేళ్ళకు గుండెజబ్బుతో మేడమ్ పోయారు. ఇప్పుడు ఆ ఆఫీసును శ్రీనూ నేనూ నడుపుతున్నాం. చూపు ఎటు పోతోందో కనిపెట్టే హెడ్‌సెట్లు మాకూ వచ్చాయి. అయినా కొత్తవాళ్ళను ముందు మేకు ముందే కూర్చోబెడతాను. నాకు కుర్చీలో కూర్చోవడం చేతకావడం లేదని శ్రీను విసుక్కుంటాడు.

నిన్న ఆ నిమ్మవాసనకు ముక్కు మూసుకుని తెర మీదికి వంగి ఉన్నాను. కుడిపక్క, చూపు అంచున, బల్లల మధ్య ఎవరో గబగబా నడిచారు. తల తిప్పాను. ఖాళీ కుర్చీ ఉంది, ఫ్యాను గాలికి ఊగుతున్న కర్టెన్ ఉంది. తెలిసింది చెప్పాలంటే, మేడమ్ లేరు. చూసిందే చెప్పమన్నారు కదా, అది చెబుతున్నాను. ఆవిడ ఇప్పుడే ఇటుగా వెళ్ళారు.