తొమ్మిదో తూటా

కోకాపేటలో మా మనవరాలి ఫ్లాటు పక్కనే కొత్త భవనం కోసం బండలు పేలుస్తున్నారు. మధ్యాహ్నం పూట ఒక్కసారిగా కిటికీ అద్దాలు అదురుతాయి. కాసేపటికి కాలిన మందు వాసన ఘాటుగా లోపలికి వస్తుంది. మనవరాలు విసుక్కుంటూ తలుపులు మూస్తుంది. నేను మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని, పది వేళ్లూ ఉన్నాయా అన్నట్టు చూసుకుంటాను. ఆ భయం నాకు నేర్పినవాడు మా మామ వెంకయ్య, నా భర్త తండ్రి.

పోలీసు యాక్షన్‌కు ముందటి నెలలవి. నాకు ఇరవై దాటాయి. మేము పుప్పాలగూడలో ఉండేవాళ్లం. ఆయుధాలు పట్టుకున్న ముఠాలు పక్క ఊళ్ల మీద పడుతున్నాయని రోజూ ఏదో ఒక కబురు వచ్చేది. పటేలు పట్నం వెళ్లిపోతూ తన పాత పిస్తోలును మా ఆయన రాజయ్యకిచ్చి, ఊరి పొలిమేరలో కాపలా ఉండమన్నాడు. తూటాలు దొరికే రోజులు కావు. కాల్చేసిన ఇత్తడి గొట్టాల్లోనే మళ్లీ మందు నింపి, సీసపు గుండు బిగించాలి. ఫౌజు తుపాకుల కార్ఖానాలో చాలా ఏళ్లు పనిచేసిన మామకు ఆ విద్య తెలుసు కానీ, అప్పటికే ఆయన చూపు మసకబారింది, చేతులు వణికేవి. అందుకని నన్ను కూర్చోబెట్టాడు.

మొదటి రెండు రోజులు నన్ను మందు ముట్టుకోనివ్వలేదు. పొయ్యి ఆర్పించాడు, చుట్ట అవతల పెట్టేశాడు. పని పగటి వెలుతురులోనే చేయాలన్నాడు. మాట్లాడుతూ నింపకూడదు. గుండు బిగించేముందు ప్రతి గొట్టంలోకీ కంటితో తొంగి చూడాలి. పని మధ్యలో లేవాల్సి వస్తే, నింపినవన్నీ ఒంపేసి మళ్లీ మొదలుపెట్టాలి. చివరికి సబ్బుతో చేతులు కడుక్కుంటే తప్ప అన్నం ముట్టనిచ్చేవాడు కాదు. “భయపడుకుంట చెయ్యి బిడ్డా. భయం పోయిన్నాడు ఈ పని ఇడిసిపెట్టు,” అనేవాడు.

ఒక ఉదయం పన్నెండు తూటాలు నింపుతున్నాను. మామ పెరట్లో ఉన్నాడు. ముఠా మా ఊరివైపే వస్తోందని వీధిలో కేకలు వినబడ్డాయి. వాకిట్లోకి పరుగెత్తాను. తిరిగి వచ్చాక, చేతిలో కొలత గిన్నె ఉంది కానీ, అప్పటికే ఏ గొట్టం దాకా పోశానో గుర్తు రాలేదు. ఒంపేసి మొదలుపెట్టడానికి వ్యవధి లేదు. మా ఆయన చెప్పులేసుకుని నిలబడ్డాడు. మిగిలినవాటిలో అంచనాగా మందు పోసి, లోపలికి చూడకుండానే గుండ్లన్నీ బిగించేశాను. ఆయన వాటిని రుమాలులో మూటగట్టి గడప దాటబోయాడు. తూటాలు లేకుండా పోతే ముఠా చంపేస్తుంది. తీసుకుపోతే, ఎందులోనైనా మందు రెండింతలు పడి ఉంటే, పిస్తోలు ఆయన చేతిలోనే పేలవచ్చు. అంతలో మామ పెరట్లోంచి వచ్చాడు.

“మామా, ఒకదాంట్ల మందు రెండుసార్లు పోసిన్నేమో. నాకు యాదికొస్తలేదు,” అన్నాను.

తూటాలు ఇచ్చెయ్యమని మామ కొడుకు ముందు చేయి చాపాడు. మా ఆయనకు కోపం వచ్చింది. “ఇప్పుడు ఒట్టి చేతులతోని పోవాల్నా?” అన్నాడు.

“ఒట్టియన్న ఉంటయి కదరా చేతులు,” అన్నాడు మామ.

మా ఆయన రుమాలు అరుగు మీద పడేసి, మూలనున్న కర్ర పట్టుకుని వెళ్లిపోయాడు. మామ, నేను కూర్చుని ఒక్కొక్క తూటానే విప్పాము. వీధిలో ఏ చప్పుడైనా నా చేతులు ఆగిపోయేవి. ఎనిమిదింటిలో ఏ తేడా లేదు. నా అనుమానం ఉత్తదేనేమో, మొగుణ్ణి ఊరికే చావుకు పంపానేమో అనిపించింది. తొమ్మిదోది విప్పితే కాగితం మీద రెండింతల మందు రాలింది.

అప్పుడు చెప్పాడు మామ. కార్ఖానాలో ఆయనకూ ఒకసారి ఇలాంటి అనుమానమే వచ్చిందట. దొర తిడతాడని ఊరుకున్నాడు. ఆ తూటాను పరీక్ష కోసం పేల్చిన పక్క బల్ల మనిషికి రెండు కళ్లూ పోయాయి. “తప్పు నాదని ఇప్పటిదాంక ఎవ్వరికి చెప్పలే,” అని తల వంచుకున్నాడు.

ముఠా మా ఊరికి రాలేదు, దారి మళ్లి వేరే వైపు పోయింది. పొద్దుగూకకముందే మా ఆయన ఇల్లు చేరాడు. కాగితం మీది మందును చాలాసేపు చూసి, నా పక్కన కూర్చున్నాడు.

తర్వాతి కాలంలో నేను చదువుకుని, దవాఖానాలో నర్సుగా ముప్పై ఏళ్లు పనిచేశాను. ఒకనాడు సూదిలోకి మందు ఎక్కిస్తుంటే ఎవరో పిలిచారు. తిరిగి చూసేసరికి ఏ సీసాలోది ఎక్కించానో నమ్మకం కలగలేదు. డాక్టరుగారి ఎదుటే పారబోసి, అనుమానంగా ఉందని చెప్పాను. అందరి ముందు చీవాట్లు పెట్టారు. మామ చెప్పినట్టు భయపడుతూనే కొత్త సూది తీసుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.