మధ్యాహ్నం మిగిలిన పొద్దు

మా ఆయన బడిపంతులు. ఏ పనికైనా ఒక పద్ధతి ఉండాలనేది ఆయన నమ్మకం, పిచ్చి కూడా. బొబ్బిలికి బండి దారిలో ఉన్న ఆ ఊరికి నేను కాపురానికి వెళ్ళింది అరవైల చివర్లో. అప్పటికి ఎనిమిదో తరగతితో నా చదువు ఆపించేశారు. మెట్రిక్ ప్రైవేటుగా కడతానని కొత్తలోనే ఆయన్ని అడిగాను. ఆయన నవ్వలేదు. అందుకే అంతగా నమ్మాను.

"సదవాలంటే పొద్దు మిగలాల. అది ఎవుడూ ఇవ్వడు, మనమే మిగుల్సుకోవాల. మిగిలిందంతా నీదే, ఎవుడూ ముట్టుకోడు," అన్నారు.

అప్పటిదాకా పని నన్ను తరుముతూ ఉండేది. ఎసరు పెట్టాక కట్టెలు లేవని పెరట్లోకి పరుగు. కట్టెలు తెచ్చేసరికి గోలెంలో నీళ్ళు లేవని నూతికి పరుగు. ఆయన వంటింట్లో పీట వేసుక్కూర్చుని ఒక పూటంతా నన్ను చూసి, ఓ వరస చెప్పారు. కట్టెలు సాయంత్రమే పొయ్యి పక్కకి చేరాలి. కోడి కూసే వేళకి గోలెం నిండాలి. వారానికి సరిపడా చోళ్ళు, అదే రాగులు, ఒకేసారి విసిరి పెట్టుకోవాలి. అంబలి ఉడుకుతూ ఉండగానే కూర తరగాలి.

"ఒక పని పొయ్యి మీదుంటే ఇంకో పని సేతిలో ఉండాల," అనేవారు.

మా అత్తకి ఇదంతా వినోదం. "ఏటే, ఇల్లు కూడా బడే సేసీసినాడు మావోడు. గంట కొట్టడమొకటే తరువాయి," అని ఆటపట్టించేది. ఆవిడ ఏమన్నా ఆ వరస పనిచేసింది. నీడ గడప దాటే వేళకి భోజనాలు, అంట్లు, ఊడ్పులు అన్నీ తెమిలిపోయేవి. అక్కణ్ణించి గొడ్లు ఇంటికి మళ్ళేదాకా నేనూ నా పుస్తకాలూ. తక్కినవి ఫరవాలేదు గానీ లెక్కలు నాకు కొరకరాని కొయ్య. బీజగణితం దగ్గర ఏడుపొచ్చేది. ఒక్క లెక్క కుదిరిన రోజున గొడ్లకి కుడితి పెడుతూ నాలో నేనే నవ్వుకునేదాన్ని. పరీక్షకి కట్టాం కూడా. బొబ్బిలిలో సెంటరు.

చింతపళ్ళు దులిపే కాలం వచ్చింది. ఓ మధ్యాహ్నం నేను పుస్తకం తీసేసరికి వాకిట్లో బండి ఆగింది. మా ఆయన అక్కగారిని పక్క ఊళ్ళో ఇచ్చారు. వాళ్ళకి చింతతోపు ఉంది. ఆవిడ బండి దిగి, గోనెబస్తాలు మా వసారాలోకి దింపించింది.

"పిక్కలు తీసి పెట్టమ్మా. మా ఇంట సేతులు సాలట్లేదు."

"నాకు పరీక్షలొస్తన్నాయి వదినా..."

"తమ్ముడే సెప్పినాడమ్మా. మజ్జానం నీకు పనేటీ ఉండదట కదా. ఊరికే కూకుంటాది, బస్తాలు తోలించీ అక్కా అన్నాడు."

ఊరికే కూర్చుంటుందట! నా మనసు విరిగింది ఆ బస్తాలను చూసి కాదు, ఆ మాట విని. మిగిలిన పొద్దుని ఎవరూ ముట్టుకోరన్న మనిషే దాన్ని తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాడు. మనసులోనైనా ఆయన్ని 'వాడు' అనుకోవడం ఆ రోజే మొదలు.

సాయంత్రం బడి నుంచి రాగానే అడిగాను. "ఆ పొద్దు నాదన్నారు కదేటి?"

"నీదే, ఎవుడు కాదన్నాడు? అక్క నోరు తెరిసి అడిగితే లేదంతానా? కోడిజామున లేసి సదువుకో. పద్ధతి తెలిసినదానివి, నీకేటి కష్టం?"

"అక్క అడగలేదట. మీరే సెప్పినారట."

ఆయన చొక్కా కొక్కేనికి తగిలించి, కాళ్ళు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళిపోయారు. కోడిజామున గోలెం నింపమన్నది కూడా ఆయనేనన్న మాట నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను.

కత్తిపీట ముందేసుకుని, పక్కన లెక్కల పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. పులుపుకి వేళ్ళు పగిలి మండేవి. తిప్పిన పేజీలు జిగటకి అంటుకుపోయి మళ్ళీ విడేవి కావు. ఒక బస్తా అవుతుండగానే ఇంకొకటి వచ్చేది. పరీక్షలు దగ్గర పడేటప్పటికి బీజగణితం ఇంకా సగంలోనే ఉంది. "ఈ యేడుకి ఊరుకో. తప్పితే పరువు పోతాది," అన్నారాయన.

ఆయనకి బొబ్బిలిలో పరీక్షల డ్యూటీ పడింది. నేను కూర్చోవలసిన హాల్లోనే కాపలా. ఆ నాలుగు నాళ్ళూ తెల్లారకుండా లేచి, వరస తప్పకుండా వండి క్యారియర్ సర్దింది నేనే. లెక్కల పరీక్ష నాటి సాయంత్రం ఇంటికి వస్తూనే, ఎంతో ఆపేక్షగా, ప్రశ్నపత్రం నా చేతికిచ్చారు.

"లెక్కలు సులువుగా ఇచ్చినాడే. కూకునుంటే నువ్వూ పాసైపోదువు."

జిగట వేళ్ళతోనే దాన్ని విప్పి చూశాను. మొదటి లెక్క నాకు వచ్చు. రెండోదీ వచ్చు. మూడోది చూడలేదు. మడిచి చింతపిక్కల బుట్టలో పడేశాను.

మర్నాడు పొయ్యి మీద ఎసరు పెట్టాకే కట్టెల కోసం పెరట్లోకి వెళ్ళాను. ఆ తర్వాత ఆ ఇంట్లో నా పని ఏనాడూ పెందలాడే తెమల్లేదు.