అవ్వకు చెప్పిన ఆదివారం అబద్ధం

మా అమ్మాయిని మూడేళ్లొచ్చేదాకా సాకిన అవ్వ, నల్లగొండలో పని మానేసి కేతేపల్లిలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి నాలుగేళ్లయింది. ఆమెది బటన్ల ఫోన్. ప్రతి ఆదివారం చేస్తాను. చేసిన ప్రతిసారీ ఒక అబద్ధం చెప్తాను.

"పిల్ల నిన్నే అడుగుతాంది అవ్వా!"

మొదటి ఆర్నెల్లు అది నిజమే. తర్వాత పిల్లకు బడి వచ్చింది, స్నేహితులొచ్చారు, అవ్వను శుభ్రంగా మరిచిపోయింది. నేను మాత్రం ఆపలేదు. ఆపకపోగా మసాలా దట్టించాను. నిద్దట్లో కలవరిస్తోందన్నాను. నువ్వు కలిపిన పప్పన్నమే కావాలని అలుగుతోందన్నాను. నోటికి అడ్డూ ఆపూ ఉంటే కదా!

మొన్న అవ్వకు కోపం వచ్చింది. "పిల్ల గంతగనం కలవరిస్తుంటే తోల్కరాకపోతివి. వచ్చే ఐతారం రావాలె. రాకుంటే నేనే బస్సెక్కుత."

చచ్చాను!

ఆ ఆదివారం కేతేపల్లి బస్సులో పిల్లకు పాఠం మొదలుపెట్టాను. "దిగగానే 'అవ్వా' అని ఉరికి పట్టుకోవాలి. సరేనా?" ఒక చాక్లెట్ దగ్గర మొదలైన బేరం మూడింటి దగ్గర తెగింది.

అవ్వ ఇంటి ముందు నిలబడి ఉంది. పక్కన ఇంకో ముసలామె. మా పిల్ల చెప్పినట్టే "అవ్వా!" అని ఉరికింది. గట్టిగా వాటేసుకుంది. ఎవరిని? పక్కింటామెను!

నేల చీలితే దూకేసేదాన్ని. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి ఉరికాను. చూస్తే నవ్వు! భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఓయమ్మో! ఎంత మంచిగ నేర్పి తోల్కొచ్చినవే!" పక్కింటామె కూడా పడీపడీ నవ్వింది. పిల్ల మాత్రం నా వైపు చెయ్యి చాపి, "మూడు చాక్లెట్లు" అంది.

లోపల చాట నిండా పసుపు కలిపిన బియ్యం, మీద రవికె గుడ్డ, ఎండుకొబ్బరి కుడకలు. ఒడిబియ్యం! తల్లిగారింటివాళ్లు ఆడబిడ్డ ఒళ్లో పోసే బియ్యం. మా అమ్మ పోయాక నాకు ఒడి నింపినవాళ్లు లేరు. నేనేమో చుడీదార్‌లో దిగబడ్డాను.

"సీర గట్టుకోకుంట తల్లిగారింటికి వస్తరానె?" అని తిట్టి, తన చీరే తెచ్చి నా డ్రెస్సు మీద చుట్టబెట్టింది. అచ్చం వడ్ల బస్తాలా ఉన్నాను. పిల్ల నన్ను చూసి కిందపడి నవ్వింది. అవ్వ దోసిలితో బియ్యం పోస్తుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"కోపం రాలేదా అవ్వా? ఇన్నేండ్లు అబద్ధం చెప్పిన."

"చిన్న పోరికి గంత యాదుంటదా బిడ్డా? నాకెర్క లేదా?" ఇంకో దోసిలి నింపింది. "ఐతారం ఐతారం నన్ను అడిగింది నువ్వే గద."