ఆరింటిదాకా పాసు

మొన్న మా మనవరాలు ఆఫీసు పని మీద విదేశానికి వెళుతూ, దారిలో విమానం మారే ఊళ్ళో వీసా లేకుండానే ఒక రోజంతా తిరగనిచ్చారని ఫోటోలు పంపింది. అద్దాల మేడలు, వాటి ముందు నవ్వుతూ మా పిల్ల. ముచ్చటేసింది. ఈ వయసులో ఒక ముచ్చట మరొకదాన్ని లాక్కొస్తుంది కదా, విశాఖ పోర్టు గేటూ, నా గుమాస్తా రోజులూ కళ్ళముందుకొచ్చాయి.

ఓడల ఏజెంటు ఆఫీసులో నాది చిన్న ఉద్యోగం. ఓడ ఖనిజం ఎత్తుకునేలోపు పరదేశపు నావికులు ఒడ్డుకు రావడానికి వీసా అక్కర్లేదు, పోర్టులో ఇచ్చే పాసుంటే చాలు. అయితే ఊరు దాటకూడదు, సాయంత్రం ఆరింటికల్లా గేటు లోపలుండాలి. పాసుల మీద పేర్లు రాయడం, వాళ్ళను వెంటబెట్టుకెళ్ళి తిరిగి అప్పజెప్పడం నా పని. అందరూ ద్వారకా నగర్ దుకాణాలు చూపించమనేవారు. ఒక్క బర్మా నావికుడు మాత్రం ఏ దుకాణం మెట్టూ ఎక్కకుండా, వంగి, చేత్తో వరి నాటుతున్నట్టు చూపించి, ఎక్కడ అన్నట్టు నా మొహంలోకి చూశాడు. రైతుబిడ్డట, పొలం చూసి ఏడాది దాటిందని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. నేనూ రైతుబిడ్డనే కదా, బుద్ధి గడ్డి తిని మా ఊరు పద్మనాభం వెళ్ళే బస్సెక్కించాను.

మా మడిలో ఊడ్పులు సాగుతున్నాయి. అతను ప్యాంటు మోకాళ్ళపైకి మడిచి దిగి, ఆడవాళ్ళ వరసలో కలిసి, వాళ్ళు పకపకా నవ్వుతుంటే తానూ నవ్వుతూ నాటాడు. మూడింటి బస్సుకు బయల్దేరదామంటే మా అమ్మ అడ్డం తగిలింది.

"మా తాత బతకడానికెల్లిన రంగం నుంచొచ్చినోడు, కూడు తినకుండా ఎల్లిపోతాడేటి?"

రంగూన్‌ని మావైపు రంగం అనేవారు. గట్టు మీదే ఆకు పరిచి, కొసరి కొసరి వడ్డించి, అతన్ని లేవనిస్తేనా! బస్సు వెళ్ళిపోయింది. ఆరు దాటితే అతనికి మళ్ళీ ఓడ దిగే యోగం లేదు, నాకు ఉద్యోగం లేదు. కొబ్బరికాయల లారీ పట్టుకుని, దారంతా నేను దేవుళ్ళకు మొక్కుకుంటుంటే అతను తన కాళ్ళు చూసుకుని మురిసిపోతున్నాడు.

గేటు చేరేసరికి ఆరుకు ఐదు నిమిషాలు. హమ్మయ్య అనుకున్నాను గానీ, పాసులు చూసే ఆయన చూపు తిన్నగా ఆ కాళ్ళ మీదే పడింది. మోకాళ్ళదాకా ఎండిన మడి బురద, ద్వారకా నగర్‌లో అంటుకునేది కాదు. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఉడుపులైపోనాయేటి బావా మీ ఊర్లో? నాను ఈ ఏడు మా ఊరెల్లలేకపోనాను. ముందా కులాయికాడ కాళ్లు కడిగించు, పెద్దాయన సూత్తే ఊరుకోడు."

కడుక్కోవడానికి అతనికి మనసొప్పలేదు. నేనే నీళ్ళు పోసి కడిగాను.

ఆ విమానం మారిన ఊళ్ళో నిన్నెవరైనా పలకరించారా అని మనవరాలిని ఫోన్లో అడిగాను. యంత్రంలో పాస్‌పోర్టు పెడితే గేటు దానంతటదే తెరుచుకుంటుంది తాతయ్యా, ఎవరితోనూ మాట్లాడే పనే లేదు అంది గొప్పగా. మంచిదే, పిల్ల ఏ భయమూ లేకుండా తిరిగింది, అయినా నాకెందుకో దిగులేసింది. ఆ నావికుడూ ఇప్పుడు నాలాగే ముసలివాడై ఉంటాడు. మీ ఊళ్ళో ఊడ్పులయ్యాయా అని అడగాలనుంది; పాసు మీద నా చేత్తోనే రాసిన అతని పేరు ఎంత తలచుకున్నా గుర్తురావడం లేదు.