పంచదార పట్టించిన జుట్టు

వియన్నాలో ట్రామ్ టికెట్లు కొట్టి రిటైరైన పోల్డి హవ్లిచెక్‌ను, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నువ్వేం చేశావని ఎవరైనా అడిగితే, "తల దువ్వుకున్నాను" అంటాడు. అడిగినవాళ్ల చూపు తిన్నగా అతని బట్టతల మీదికి పోతుంది. ఆ చూపు కోసమే అతను ఆ మాట అంటాడు.

అందులో అబద్ధం లేదు. పదహారేళ్లప్పుడు పోల్డికి ఉన్న ఆస్తల్లా కాలర్ దాటి దిగే జుట్టే. పగలు ఫిరంగి గుళ్ల ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. సాయంత్రం మోకాళ్ల దాకా వేలాడే కోటు తగిలించుకుని, ప్రాటర్ మైదానంలో రంగులరాట్నం పక్కన నిలబడేవాడు. ఎక్కడానికి డబ్బులుండేవి కావు. ఇలాంటి కుర్రాళ్లను ఊళ్లో ష్లుర్ఫ్‌లనేవారు, కాళ్లీడ్చుకుంటూ నడిచే వెధవలని. పోల్డి ఆ తిట్టును బిరుదులా మోశాడు. దేశమంతా కవాతు చేస్తుంటే తానొక్కడూ కాళ్లీడ్చడం మహా తిరుగుబాటని నమ్మాడు. తన వల్ల, అప్పుడు వియన్నాను ఏలుతున్న బెర్లిన్‌లో ఎవరికో నిద్ర పట్టడం లేదని కూడా అనుకునేవాడు.

ఆ జుట్టు వెనక్కి అణిగి నిలవాలంటే నూనె కావాలి. యుద్ధంలో నూనె ఎక్కడిది? పంచదార నీళ్లు పట్టిస్తే ఆరాక అట్టలా బిగుసుకునేది. పంచదారకేమో రేషన్. పోల్డి రోజూ అమ్మ అటు తిరిగినప్పుడు వంటింటి డబ్బాలోంచి చెంచాడు కాజేసేవాడు. డబ్బా అడుగు మాత్రం ఎన్నడూ కనబడలేదు. తన చేతివాటం అంత నాజూకైనదని మురిసిపోయాడు.

వేసవిలో కందిరీగలు వెంటపడేవి. అతను హెడీ అనే అమ్మాయి పక్కన చేరినప్పుడల్లా అవీ చేరేవి.

"నీ పక్కన నిలబడితే నన్నూ జామ్ సీసా అనుకుంటున్నాయి" అని ఆమె ఇంకొకడి పక్కకు జరిగింది.

అమ్మ బొజెనా నలుగురి బట్టలు ఉతికి ఇల్లు నడిపేది. కొడుకు జుట్టు మీద రోజుకో మాట విసరకపోతే ఆమెకు తోచేది కాదు.

"ఒరేయ్, ఇటు తిరుగు. నీకు ముందేదో వెనకేదో తెలిసి చావడం లేదు."

"ఇదేనమ్మా ఇప్పటి ఫ్యాషన్."

"ఆడపిల్ల లేని లోటు తీరింది. జడ వెయ్యనా?"

ఆ మాటంటూనే మాడిన బార్లీ కాఫీ చప్పరించేది. అమ్మకు చేదంటేనే ఇష్టమని పోల్డి అందరికీ చెప్పేవాడు. గోడ మీద అతని అన్న వెంజెల్ ఫొటో ఉండేది, సైన్యంలో చేరిన రోజు తీసింది, తల నున్నగా గొరిగించుకున్నది. వెంజెల్ రష్యా మంచులో పోయాడు. అమ్మ ఆ ఫొటో రోజూ తుడిచేది, దాని మొహంలోకి మాత్రం చూసేది కాదు. పోల్డికీ సైన్యం పిలుపొచ్చే వయసు దగ్గర పడుతోంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఒక ఆదివారం, ఇలాంటి కుర్రాళ్లను పట్టుకుని జుట్టు కత్తిరించే సర్కారు యువదళం గస్తీ వాళ్లు ప్రాటర్ మీద పడ్డారు. పోల్డి తర్వాత చెప్పుకున్న కథలో నలుగురిని చితక్కొట్టాడు. అసలైతే పారిపోబోయి, సొంత కోటే కాలికి అడ్డుపడి బోర్లాపడ్డాడు. ఒకడు వీపు మీద కూర్చుంటే ఇంకొకడు కత్తెర తీశాడు.

"కత్తెర అంటుకుపోతోందిరా" అన్నాడు వాడు. వేలు నాకి చూశాడు. "తియ్యగా ఉంది."

"మా అమ్మమ్మకు కాఫీలోకి చిటికెడు దొరకదు, ఈ దొరగారు నెత్తికి రాసుకుంటున్నారు" అన్నాడు పైన కూర్చున్నవాడు.

పోల్డి ఆ రోజు నోరు విప్పి కోరింది ఒక్కటే, దువ్వెన తిరిగిచ్చెయ్యమని. వాళ్లు దాన్ని విరిచి ఇచ్చారు.

ఇంటికి పోతూ దారంతా ఒక జోకు సిద్ధం చేసుకున్నాడు, ఇక దువ్వెన ఖర్చు తప్పిందని. తలుపు తీసిన అమ్మ అతని మొహం చూడలేదు. తల చూసింది. తర్వాత గోడ వైపు చూసింది.

"వెంజెల్" అని కిందనే కూలబడింది.

"అమ్మా, నేను పోల్డీని."

"తెలుసురా. ఆ గడ్డివామి నెత్తిన ఉన్నన్నాళ్లూ నువ్వు వాడిలా ఉండేవాడివి కాదు. అందుకే పంచదార దొంగిలించుకుంటే దొంగిలించుకోనీ అనుకున్నాను."

"నీకు తెలుసా?"

"డబ్బా దానంతటదే నిండుతోందనుకున్నావా, వెధవా? నా వంతంతా నీ నెత్తికే పోసేదాన్ని."

పోల్డికి చేదు కాఫీ గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో తిరుగుబాటు చేసింది ఎవరో తెలిసి సిగ్గుతో ఏడ్చాడు. ఆమె ఉతకాల్సిన ఎవరి చొక్కాతోనో అతని మొహం తుడిచింది. లేచి డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

"మళ్లీ పెంచు" అంది.

పోల్డి ఆమె గ్లాసులో ఒక చెంచాడు వేసి కలిపి ఇచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"అలవాటు తప్పిందిరా" అంది. అయినా చుక్క మిగల్చకుండా తాగింది.