చిన్నాయన నడుముకు కట్టిన గట్టు

రండి, ఆ సిమెంటు మూటను కాస్త అవతలికి నెట్టి, ఈ చాప మీద నా పక్కనే కూర్చోండి. లోపల మిషనుతో రాయి కోస్తున్నారు, దూరంగా ఉంటే నా మాట వినపడదు. డోన్‌లో మా పెద్దోడి ఇంటి వంటిల్లు పగలగొట్టి మూడు వారాలైంది. అప్పటినుంచి వరండా మూలన ఒక గ్యాసు పొయ్యి, దాని పక్కన బకెట్లో గిన్నెలు, అన్నంలో రాతిపొడి. పని మొదలుపెట్టే ముందు ఈ నాళ్లు ఎక్కడ వండుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. ఈ తడి సిమెంటు వాసన కొందరికి ఇష్టమట, కొత్తింటి వాసనట. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే చాలు, మా అమ్మ ఎడమ చెయ్యి గుర్తుకొచ్చి కడుపులో మంట లేస్తుంది. యాభై ఏళ్లు దాటినా ఆ మంట ఆరలేదు, ఆర్పుకోవాలని నాకూ లేదు.

మాది ఆలూరు పక్కన ఒక పల్లె, మట్టి మిద్దె. వంటింటికి కిటికీ ఉండేది కాదు, కప్పు నడుమ గవాచి ఉండేది. గవాచి అంటే మిద్దెకు పెట్టిన మూరెడు కన్ను. వెలుగు దానిలోంచే లోపలికి దిగేది, పొగ దానిలోంచే పైకి పోయేది. పొద్దున పడమటి గోడ మీద పడిన ఎండబిళ్ల మెల్లగా జారి, ఉప్పుకుండను తాకి, రోటి మీదికి వచ్చి, సాయంత్రానికి తూర్పు గోడ ఎక్కి మాయమయ్యేది. మా అవ్వకు గడియారం అదే. బిళ్ల ఉప్పుకుండ దాటితే ఎసరు పెట్టాలి, రోటి మీదికొస్తే చేనికి బువ్వ పంపాలి. చలికాలంలో నేనూ మా అక్కా ఆ బిళ్లలోనే కూర్చుని గచ్చకాయలాడుతూ, అది జరిగినకొద్దీ మేమూ జరుగుతూ, సాయంత్రానికి వంటిల్లంతా తిరిగేవాళ్లం. చినుకు పడగానే "గవాచీ!" అని ఎవరో ఒకరు అరవడం, మేం నిచ్చెనెక్కి మిద్దె మీదికి పరిగెత్తి బండ మూయడం, తడిసిన మిద్దె మట్టి వాసన, కిందినుంచి అమ్మ కాల్చే బుడ్డల, అదే వేరుశనక్కాయల, వాసన, ఇవన్నీ కలిసి వచ్చేవి.

ఆ వంటింట్లో అమ్మ నేల మీద ఒక కాలు మడిచి కూర్చుని జొన్నరొట్టెలు తట్టేది. ఆ చప్పుడు వీధి చివరికి వినపడేది. ఉగాదికి ఓళిగలు, పీర్ల పండగకు పక్కింటి ఖాజాబీ అత్త పంపే తీపి చొంగ్యాలు, కొత్త బుడ్డలొచ్చిన నెలలో రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి, అన్నిటికీ ఆ నేలే ఆధారం. ఇక సంగటి సంగతి వేరు. ఉడికిన కుండను పొయ్యి మీదినుంచి కిందికి దించి, కుండ మెడకు అటూ ఇటూ రెండు కట్టెలు పెట్టి, వాటిని రెండు పాదాలతో తొక్కిపట్టి, నడుం వంచి, తెడ్డుతో గట్టిగా కెలకాలి. పన్నెండు మందికి సంగటి కెలకడమంటే చేనిలో మడక పట్టి దున్నినంత పని. కుండ మన మోకాలి కంటే కిందుంటేనే ఆ బలం వస్తుంది. ఇది మా ఊళ్లో నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. మా చిన్నాయనకు తెలియదు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఆరడుగుల మనిషి, మాటా అంతే పొడుగు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పోయినవాళ్ల గురించి చెడ్డ చెప్పకూడదంటారు, నేను చెబుతాను. డోన్ రైలు స్టేషన్ దగ్గర ఏదో పనికి కుదిరి, ఎవరో ఆఫీసరు ఇంట్లో నిలబడి వండే వంటిల్లు చూసొచ్చాడు. చూసింది ఒక్క తడవ, అదీ గుమ్మంలోంచి. అప్పుడే ఆయనకు సంబంధం కుదురుతోంది, పిల్ల తరఫువాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తామన్నారు. అంతే, వాళ్లొచ్చేలోపల వంటిల్లు మార్చాలని పట్టుబట్టాడు. బేతంచెర్లనుంచి నేలకు బండలు, గట్టుకు నల్లటి కడప బండ ఎద్దులబండి మీద దింపించాడు.

బేల్దారి హుసేనప్ప ముసలివాడు, మా ఊళ్లో సగం ఇళ్లకు గోడలెత్తినవాడు. దారం చేతిలో పట్టుకుని, గట్టు ఎంతెత్తు కట్టాలని అడిగాడు. చిన్నాయన గోడకు ఆనుకుని నిలబడి తన నడుము మీద చెయ్యి పెట్టాడు.

"ఇంతెత్తు."

"కాదప్పా, వండేది మీ వదిన గదా. ఆయమ్మను నిలబెట్టి సూద్దాం."

"కట్టిచ్చేది నేను గదా. నువ్వు కట్టప్పా."

"సరే కడ్తాలే. సంగటి యాడ కెలుకుతారు?"

"గట్టుమీందనే. ఇంగా నేల మీంద వంగి సచ్చేదెందుకు? దొరసానుల మాదిరి నిలబడి వండుకుంటాది."

ఆ దొరసానులు సంగటి వండరన్న ముక్క ఎవరికీ తోచలేదు. అమ్మ గుమ్మం దగ్గరే ఉంది. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్లీ చుట్టుకుంటూ నిలబడింది. నాయన తమ్ముడికి అడ్డు చెప్పలేదు, అంత మురిపెం. అవ్వ మాత్రం, "రేయ్, పొయ్యికాడ నిలబడే దానికి నోరుండాది, ఒకతూరి అడుగు" అంది. "నీకేం తెల్సు ముసిల్దానా" అన్నాడు. కన్నతల్లిని.

గట్టు లేచింది. అమ్మ పక్కన నిలబడితే అది ఆమె రొమ్ముల దాకా వచ్చింది. కొత్త బండల మీద వాన చుక్క పడకూడదని గవాచిని పెద్ద బండతో మూయించి, చుట్టూ సున్నం పూయించాడు. పొగ పోవడానికి పడమటి గోడకు కిటికీ పెట్టించాడు. మా ఊళ్లో గాలి వచ్చేదే పడమటి వైపునుంచి. పొగను బయటికి పోనివ్వకపోగా, ఆ కిటికీ ఊరి దుమ్మునంతా తెచ్చి కూరలో పోసేది, మంటను అమ్మ ముఖం మీదికి తోసేది. పప్పుల డబ్బాలు పెట్టే అటక ఆయన చేతికి అందేంత పైన కట్టించాడు. చింతపండు కావాలన్నా అమ్మ మా నాయనను పొలంనుంచి పిలవాలి. అవ్వ తన ఎండబిళ్ల కోసం పాపం చాలా రోజులు గోడలకేసి చూసి, "ఇప్పుడు పొద్దెంతయిందే?" అని మమ్మల్ని అడిగేది.

పిల్ల తరఫువాళ్లు వచ్చిన రోజు పన్నెండు మందికి సంగటి. అమ్మ కుండను కిందికి దించబోయింది.

"వదినా! కొత్త బండలకు మసి అంటుతాది. గట్టుమీందనే కెలుకు."

అమ్మ పీట వేసుకుని ఎక్కింది. మసిగుడ్డతో ఎడమ చేత్తో కుండ మెడ పట్టుకుని, ఇంకో చేత్తో తెడ్డు తిప్పింది. తొక్కిపట్టే పాదాలు లేవు, వంగే నడుము లేదు, పొగలో కళ్లు కనపడవు. నున్నటి కడప బండ మీద కుండ గిర్రున తిరిగి ఆమె మీదికి ఒరిగింది. ఉడుకు సంగటి నీళ్ల మాదిరి జారిపోదు, పట్టుకుంటుంది. మోచేతినుంచి మణికట్టు దాకా పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను. అమ్మ ముందరింట్లో చుట్టాలున్నారని పెదవి కొరుక్కుని, నీళ్ల తొట్టిలో చెయ్యి ముంచి, కొంగు చుట్టుకుని, మిగిలిన సంగటి ముద్దలు చేసి వడ్డించింది.

పెళ్లికూతురి తల్లి గట్టి మనిషి. అమ్మ చేతికి కొంగు చుట్టుకుని వడ్డించడం చూసింది. తిన్నాక నేరుగా వంటింట్లోకి వచ్చి, గట్టునూ పీటనూ అమ్మనూ ఒకటొకటిగా చూసి, కొంగు తొలగించింది. తర్వాత బయటికొచ్చి అందరి ముందర చిన్నాయనను నిలదీసింది.

"ఏమప్పా, ఈ గట్టు వండే మనిసికి కట్టిచ్చినావా, సూసేటోళ్లకు కట్టిచ్చినావా?"

"కొత్త పద్ధతత్తా..."

"అత్తా అని అప్పుడే పిలవాకు. మా పిల్ల మీ వదిన కంటే బెత్తెడు పొట్టిది. దానికి చేతులు రెండే ఉండాయి."

వాళ్లు తాంబూలం ముట్టకుండా వెళ్లిపోయారు. చిన్నాయన ఆ తప్పు ఎవరి మీద వేశాడనుకున్నారు? అమ్మ మీదనే. చెయ్యి సరిగ్గా దాచుకోలేదట.

గట్టును మాత్రం కొట్టనివ్వలేదు. కట్టింది పడగొడితే ఇంటికి అరిష్టమన్నాడు. దాంతో అమ్మ దొడ్లో మూడు రాళ్లు పెట్టుకుని, ఎండకు ఎండి, గాలికి కొంగు అడ్డం పెట్టి, నేను పెళ్లయి అత్తగారింటికి వచ్చేదాకా అక్కడే వండింది. కొత్త వంటింట్లో బుడ్డల మూటలు పెట్టారు. నల్లగా నిగనిగలాడే ఆ గట్టు మీద ఎలుకలు తిరిగేవి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన వారం ఇక్కడ కొలతలు తీశారు. వంటింటికి ప్లాను బొమ్మలు గీసే ఆయన టేపు పట్టుకుని అడిగితే మా పెద్దోడు, అచ్చంగా ఆ చిన్నాయన పొడుగే, గోడకు ఆనుకుని తన నడుము మీద చెయ్యి పెట్టాడు. నా ఒళ్లు మండిపోయింది.

"వండేది నువ్వారా?"

"అమ్మా, నువ్వు ఊరకుండు. అందురిండ్లల్లో ఇదే కొలత."

"ఆ అందురూ ఈడికొచ్చి రొట్టెలు తడ్తారా?"

నా కోడలు సువర్ణ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కొంగు అంచు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. దాన్ని చూశాక నేను కూర్చోలేకపోయాను. చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి, చెప్పులు విప్పించి, గోడకు నిలబెట్టి, మోచెయ్యి మడవమని, దానికి బెత్తెడు కింద బొగ్గుతో గీత గీశాను. వెనక తలుపు దగ్గర సంగటికీ రొట్టెలకూ మోకాలికి దిగువగా ఇంకో బండ వేయమన్నాను. పొగ గొట్టం ఎటు పెట్టాలో గాలిని అడిగి పెట్టమన్నాను. బొమ్మలాయన నవ్వాడు, పెద్దోడు విసుక్కున్నాడు. విసుక్కోనీ.

అప్పుడు సువర్ణ గీతకేసి చూసి, పెనిమిటికేసి చూసి, మెల్లగా అంది.

"అత్తా, ఇంగా రెండు వేళ్లు దిగువకు గీయి."

మా అమ్మ నోట రాకుండా పోయిన మాట అది. బొగ్గు దాని చేతికే ఇచ్చాను.

ఇప్పుడు మా ఊళ్లో గవాచి ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు. ఎండబిళ్లను చూసి పొద్దు చెప్పే మనిషీ లేదు, ఖాజాబీ అత్త లేదు, మచ్చపడిన చేత్తో రొట్టె తట్టిన చప్పుడూ లేదు. ఆ కడప బండ మాత్రం ఉంది, పశువుల కొట్టం ముందర మెట్టుగా వేశారు. ఊరికి పోయినప్పుడల్లా పనిగట్టుకుని వెళ్లి చెప్పుకాలితో తొక్కి వస్తాను.

ఇంతసేపూ దుమ్ములో కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట ఎసరు ఎప్పుడూ పొంగుతూ ఉండాలి, మీ పొయ్యి దగ్గర నిలబడే మనిషి చెయ్యి మచ్చ లేకుండా, మాట తడబడకుండా ఉండాలి.