మా సారు తలకు సరిపడ్డ హెల్మెట్

మా సారుకు, అంటే మా ఆయనకు, నలభై దాటాక అడవి మీద ప్రేమ పుట్టింది. ఆయన కామారెడ్డిలో హైస్కూలు లెక్కల టీచరు. వారమంతా పిల్లలకు వర్గమూలాలు చెప్పి అలసిపోయిన మనిషి ఆదివారం కాళ్లు చాపుకుని పడుకుంటాడనుకుంటాం కదా. ఈయన మాత్రం ఒక ఎత్తయిన బైకు కొని, ఎల్లారెడ్డి నుంచి గాంధారి వైపు అడవిలో పోయే మట్టిబాటల్లో ట్రెయిల్ రైడింగ్ చేస్తానన్నాడు. ఆ బాటల్లో తండాలవాళ్లు పాల క్యాన్లతో, యూరియా బస్తాలతో, ఒక్కోసారి ఇంటిల్లిపాదినీ ఒకే బండి మీద ఎక్కించుకుని రోజూ తిరుగుతూనే ఉంటారు. తాము చేస్తున్నది సాహసమని పాపం వాళ్లకు తెలియదు.

నేను ఎల్లారెడ్డిలో నర్సుని. బండి మీంచి పడి పగిలిన తలలకు కట్లు కట్టడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఆయన బైకు గొప్పదనాన్ని ఓపిగ్గా విని, చివరికి ఒకే మాట అడిగాను.

"తలకేం పెట్టుకుంటరు?"

"ఇంట్ల ఉన్నది గదా," అన్నాడు.

ఇంట్లో ఉన్నది పోలీసుల కోసం కొన్నది. తల కోసం కొన్నది కాదు. ముఖమంతా మూసేసే నల్లటి హెల్మెట్, ముందు అద్దం. ఎండాకాలం మొదట్లో దాన్ని పెట్టుకుని అడవికి పోయిన మనిషి మధ్యాహ్నానికి ఉడికించిన చిలగడదుంపలా తిరిగొచ్చాడు. అద్దం దించితే ఊపిరికి మసకబారి బాట కనిపించలేదట. ఎత్తితే దుమ్మంతా నోట్లోకి పోయిందట.

"ఒక పురుగును గూడ మింగిన అనుకుంట," అన్నాడు మంచినీళ్లు తాగుతూ.

"అయితే అన్నం తినరా మరి?" అన్నాను.

గాలి ఆడే హెల్మెట్ కావాలని ఆ సాయంత్రమే తేల్చేశాడు. ఇద్దరం కలిసి రోడ్డు పక్కన తాడుకు హెల్మెట్లు వేలాడదీసి అమ్మే మనిషి దగ్గరికి పోయాం. మా సారు కళ్లు నేరుగా ఒక ఎర్ర హెల్మెట్ మీద పడ్డాయి. దాని మీద మంటల బొమ్మలు, నెత్తిన నాలుగు చోట్ల గాలి రంధ్రాలు. నాకెందుకో అనుమానం వచ్చి జడలోని పిన్ను తీసి ఒక రంధ్రంలో గుచ్చాను. పిన్ను పోలేదు. మిగతా వాటిలోనూ అంతే. అవి రంధ్రాలు కావు, రంధ్రాల ఆకారంలో ఒత్తిన ప్లాస్టిక్కు.

"ఏందన్నా ఇది? గాలి ఎట్ల పోతది లోపలికి?" అని అడిగాను.

అతను ఏమాత్రం తడబడలేదు. "బయట మస్తు గాలి ఉంటది గదమ్మా. లోపల ఎందుకు?"

ఇంత స్పష్టంగా చెప్పాక ఎవరైనా వెనక్కి తిరుగుతారు. మా సారు కొన్నాడు. దాని రంగు బైకు రంగుతో కలిసిందట. భద్రతకు అంతకంటే ఏం కావాలి!

ఆ తర్వాతి ఆదివారం నేనూ వస్తానని వెనక ఎక్కాను. నా తలకు నా స్కూటీ హెల్మెట్ ఉంది, పట్టీ బిగించే ఉంది. ఆయన పట్టీ మాత్రం గాలికి ఊగుతోంది.

"పట్టీ పెట్టుకోండ్రి."

"పెట్టుకుంటే ఉక్కపోస్తది. నేను మెల్లగనే పోత గదా."

నిజంగానే మెల్లగా పోయాడు, మెల్లగానే పడ్డాడు. ఎండిపోయిన వాగు దాటుతుంటే ముందు చక్రం ఇసుకలో కూరుకుపోయి బండి ఒక పక్కకు వాలింది. నేను ఇసుకలో కూర్చున్నట్టుగా పడ్డాను. ఆయన తల ఇంకా నేలను తాకకముందే ఎర్ర హెల్మెట్ ఆయన్ని వదిలి, దొర్లుకుంటూ వాగు అవతలికి చేరింది. ఆయన కనుబొమ్మ పోయి ఒక రాయికి తగిలింది.

రక్తం కారింది. రోజూ చూసే రక్తమే. కానీ ఈసారి అది ఆయనది. చున్నీ మడిచి గట్టిగా అదిమి పట్టాను. వాగు గట్టు మీద బీడీల కోసం తునికాకు కోస్తున్న ఒక అవ్వ దిగొచ్చింది. దారిలో ఆ హెల్మెట్‌ను రెండు చేతులతో ఎత్తుకొచ్చింది.

"ఏం బిడ్డా, తలకాయ ఆడ ఇడిసిపెట్టినవ్?" అని అడిగింది.

"అది తలకాయ కాదవ్వా, హెల్మెట్," అన్నాడు ఆయన, ఆ స్థితిలోనూ పాఠం చెబుతూ.

"నెత్తి మీద ఉండనిది ఏదైతేంది తియ్," అని అవ్వ తన సీసాలోని నీళ్లు ఇచ్చింది. ఆ నీళ్లతోనే గాయం కడిగాను.

కుట్లు పడ్డాయి. కుట్లు మానేదాకా నేను ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేదని, ఆ మౌనం కంటే కుట్లే నయమని ఆయన తర్వాత చెప్పాడు.

మూడోసారి హెల్మెట్ నేను ఎంచుతానన్నాను. నిజాంసాగర్ రోడ్డులో కొత్తగా రైడర్ల సామాన్ల దుకాణం తెరిచారు. పోగానే యజమాని పుర్రె బొమ్మ ఉన్నదొకటి, పాటలు వినిపించేదొకటి తెచ్చి ముందు పెట్టాడు. అడవిలో పాటలు వింటూ పడితే నొప్పి తెలియదు కాబోలు.

"అవి పక్కకు పెట్టన్నా. మట్టిబాటల నడిపేటోళ్లది చూపియ్," అన్నాను.

అది చూడటానికి విచిత్రంగా ఉంది. గడ్డం దగ్గర ముందుకు పొడుచుకొచ్చి, అక్కడ నిజమైన రంధ్రాలున్నాయి. పిన్ను లోపలిదాకా పోయింది. వెనక వేడిగాలి బయటికి పోయే దారి వేరే ఉంది. అద్దం లేదు, దుమ్ముకు విడిగా కళ్లజోడు పెట్టుకోవాలి. నుదుటిపైన ఎండకు చూరు లాంటి అంచు. లోపలి మెత్త ఊడదీసి ఉతుక్కోవచ్చు. ఐఎస్ఐ గుర్తు చూశాను. తర్వాత టేపుతో ఆయన తల చుట్టుకొలత కొలిచి, ఆ సైజు తెప్పించి పెట్టించాను. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు ఊడదీయబోయాను. రాలేదు. హెల్మెట్‌తోపాటు మా సారే ముందుకొచ్చాడు.

"బుగ్గలు నొక్కుతున్నయి," అన్నాడు. మాట నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు వచ్చింది.

"నొక్కాలె. లూజుగుంటే మళ్ల వాగు దాటిపోతది."

నొప్పి పుట్టిస్తుందేమో తెలియాలని కాసేపు దుకాణంలోనే అట్లా కూర్చోబెట్టాను. ఈలోగా లోపలికొచ్చిన ఆయన పాత విద్యార్థి ఒకడు నమస్తే పెట్టాలో పారిపోవాలో తెలియక తలుపు దగ్గరే ఆగిపోయాడు. నేను ఊరికే చూద్దామని చిన్న సైజుది ఒకటి పెట్టుకున్నాను. అద్దంలో చూసుకుని ఇక తీయలేదు. రెండూ కొన్నాం.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం పోతున్నాం, బండి వంతులేసుకుని నడుపుతాం. మొదటి ఆదివారం ఎత్తు ఎక్కుతుంటే గడ్డం కింది నుంచి చల్లగాలి చెంపల మీదుగా పోయి వెనక నుంచి బయటపడింది. గాలి లోపల ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజే ఒక తుమ్మకొమ్మ మా సారు హెల్మెట్ అంచును గీరింది. తల బాగానే ఉందని సంతోషించకుండా ఆ గీత చూసి రోజంతా బాధపడ్డాడు.

మొన్న గాంధారి వైపు నీడలో ఆగి నీళ్లు తాగుతుంటే, వెనక రెండు బస్తాలు కట్టుకున్న ఒక రైతు బండి ఆపి మమ్మల్ని కింది నుంచి పైదాకా చూశాడు. తలకు తువ్వాల.

నాలోని నర్సు ఊరుకోదు కదా. "అన్నా, హెల్మెట్ పెట్టుకోవా?"

"మీరంటే కిందపడనీకె వచ్చిండ్రు అక్కా. నేను ఇంటికి పోతున్న."

మా సారుతోపాటు రైతూ పగలబడి నవ్వాడు.

"ఇంటికి పోయేటోళ్లే మా దవాఖానకు ఎక్కువ వస్తరన్నా," అన్నాను.

రైతు నవ్వు కాస్త తగ్గింది. అతను మా సారు హెల్మెట్ అడిగి తీసుకుని, పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పాడు. "లోపల మంచిగ సల్లగనే ఉన్నది," అన్నాడు. మేం మురిసిపోయేలోపే తీసి తిరిగిచ్చేశాడు. పోతూ పోతూ నా మాట కాదనలేక, తువ్వాలను తలకు ఇంకో చుట్టు బిగించాడు.